రాయిని అడగండి

మా నాయనమ్మకు నీటి పరీక్ష చేయడం తెలుసు. ఎవరి పెరట్లోనైనా కొత్త బావిలో నీళ్ళు పడితే ఆమెకు కబురు వచ్చేది. ఆమె గుప్పెడు కందిపప్పు ఆ నీళ్ళలో వేసి పొయ్యిమీద పెట్టేది. పప్పు మెత్తగా ఉడికితే మంచి నీళ్ళు. ఎంతసేపటికీ పలుకు విడవకపోతే చవిటి నీళ్ళు. అయితే వేసవిలో మున్నేటి ఇసుకలో చెలమ తోడినప్పుడు మాత్రం ఆమె పప్పు ఉడికించేది కాదు. పక్కనే సన్నగా పారే పాయలోకి వంగి చూచేది. పరకపిల్లలు మెదులుతున్నవా, రాళ్ళ నడుమ రొయ్యపిల్లలు దాగి ఉన్నవా అని కాసేపు కనిపెట్టి, "ఏరు బాగానే ఉన్నది, ముంచుకోండి" అనేది.

నీళ్ళను పరీక్షించడం వేరు, ఏటిని పరీక్షించడం వేరు అని ఆమెకు తెలిసినట్లున్నది. రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకొన్న నాకు ఆ సంగతి తెలియడానికి నలభై ఏళ్ళు దాటాయి. ఆ ఆలస్యానికి వెల చెల్లించినవాడిని నేను కాకపోవడమే ఈ కథలోని విచారం.

ఉద్యోగరీత్యా నేను ఫరీదాబాద్ చేరినది 1979లో. ఆ ఏడు ఆగస్టు 15ననే అది కొత్త జిల్లాగా ఏర్పడినది. పడమట ఆరావళి కొండలు, తూర్పున యమున, నడుమ ఊరు. కొండమీద కురిసిన వాన తూర్పుకు జారి యమునలో కలవడం ఇక్కడి భూమి పుట్టిననాటి ఏర్పాటు. తోమర రాజులు దీనిని బాగా ఎరిగినవారు. అనంగపూర్ వద్ద కొండ వాగుకు అడ్డంగా వారు కట్టించిన రాతి ఆనకట్ట ఇప్పటికీ నిలిచి ఉన్నది. దానికి చేరువలోని సూరజ్‌కుండ్ పదవ శతాబ్దినాటిదని చెబుతారు. కాపురానికి తగిన ఊరి లక్షణాలలో ఎండిపోని ఏటిని కూడా చేర్చాడు సుమతీ శతకకారుడు. ఇక్కడి వాగులు వానకాలంలో మాత్రమే పారేవి. అందుకనే ఆ రాజులు వాటిని ఆపి, దాచుకొన్నారు.

నేను పనిచేసిన ప్రయోగశాలలో మా ముఖ్యమైన ఆయుధం మూడువందల మిల్లీలీటర్ల గాజు సీసా. గాలి బుడగ మిగలకుండా దానిని నీటితో నింపి, మాంగనస్ సల్ఫేటు, క్షారంతో కలిపిన అయొడైడు వేస్తాము. నీటిలో ప్రాణవాయువు ఉంటే గోధుమరంగు మడ్డి ఏర్పడుతుంది. ఏమాత్రం లేకపోతే ఆ మడ్డి పాలవలె తెల్లగానే ఉండిపోతుంది. ఆమ్లం వేసి ఆ మడ్డిని కరిగించి, థయోసల్ఫేటు బొట్లు బొట్లుగా వదులుతూ లెక్క కట్టాలి. 1888లో హంగేరీ శాస్త్రజ్ఞుడు వింక్లర్ కనిపెట్టిన ఈ పద్ధతి ఇంతవరకు పాతబడలేదు.

రెండవ పరీక్ష బి.ఓ.డి. నీటిలోని కుళ్ళు పదార్థాన్ని తినివేయడానికి సూక్ష్మజీవులకు ఎంత ప్రాణవాయువు కావాలో అది తెలుపుతుంది. సీసాను చీకటిలో ఇరవై డిగ్రీల వేడిమి వద్ద అయిదు రోజులు ఉంచి, ప్రాణవాయువు ఎంత తగ్గిందో చూచేవాళ్ళము. అది మురుగునీటిపై బ్రిటన్ నియమించిన రాయల్ కమిషన్ 1912లో నిర్ణయించిన గడువు. చల్లని దేశపు కొలత మన ఎండలకు పొసగదు గనుక తరువాతి కాలంలో మన ప్రమాణాల సంస్థ దానిని ఇరవైయేడు డిగ్రీల వద్ద మూడు రోజులుగా మార్చింది. ఈ కొలతలనుబట్టే మన నదులకు తరగతులు. లీటరుకు నాలుగు మిల్లీగ్రాములకు తగ్గని ప్రాణవాయువు, మూడుకు మించని బి.ఓ.డి. ఉండి, కోలిఫారం సూక్ష్మజీవులు కూడా హద్దులో ఉంటే, శుద్ధిచేసి తాగడానికి పనికివచ్చే మూడవ తరగతి నీరు అన్నమాట.

1984లో ఒక పల్లెనుండి అర్జీ వచ్చింది. కొండల వైపునుండి వచ్చి యమున దిక్కుగా పోయే వాగు ఒకటి ఆ పల్లె పక్కన ఉండేది. పైన కొన్ని కర్మాగారాలు వెలిశాయి. చేపలు చచ్చిపోతున్నవనీ, గేదెలు ఆ నీళ్ళు ముట్టడం లేదనీ అర్జీలో రాశారు. పరీక్షకు నన్ను పంపారు. నేను వెళ్ళినది హోలీ పండుగ మరునాటి ఉదయం. నీళ్ళు తేటగా ఉన్నాయి. సీసాలు నింపుకొని, వేడిమి కొలిచి, పుస్తకంలో రాసుకొంటున్నాను. గట్టుమీద హుక్కా పట్టుకొని కూర్చున్న ఒక వృద్ధుడు — ఊరంతా ఆయనను 'తాఊ' అని పిలుస్తున్నారు — నెమ్మదిగా దిగివచ్చి, నీళ్ళలోనుంచి తలకాయంత రాతిని ఎత్తి నా ముందు తిరగవేసి పెట్టాడు. అడుగుభాగం బొగ్గువలె నల్లగా ఉన్నది. కుళ్ళిన గుడ్డు వాసన కొట్టింది. ఒక్క పురుగు లేదు, ఒక్క నత్త లేదు.

"బాబూజీ, ఈ నీళ్ళు రాత్రి వచ్చినవి. ఈ రాయి ఎప్పటినుంచో ఇక్కడే ఉన్నది. దీనిని అడగండి" అన్నాడు.

పండుగకు రెండు రోజులుగా యంత్రాలు ఆగి ఉన్నాయన్న సంగతి నాకు తెలుసు. అయినా నా పట్టికలో రాళ్ళకు గడి లేదు. సీసాలలోని నీరు ప్రాణవాయువులోనూ బి.ఓ.డి.లోనూ మూడవ తరగతికి సరిపోయింది. 'పరిమితులలోనే ఉన్నది' అని రాసి సంతకం చేశాను. అందులో అబద్ధపు అంకె ఒక్కటీ లేదు. ఆ వేసవిలో పల్లెవారు మళ్ళీ అర్జీ పెట్టుకొంటే, దానిమీద నా నివేదిక సంఖ్య వేసి, పరిశీలన జరిగిపోయినదని తిప్పి పంపారు. నిజమైన అంకెలతోనే వాళ్ళ నోరు మూయించిన సంతకం నాది.

ఆ నలుపు ఏమిటో రసాయనశాస్త్రం చదివినవాడిగా నాకు ఆనాడే స్ఫురించవలసినది. ప్రాణవాయువు కరువైన చోట కొన్ని సూక్ష్మజీవులు నీటిలోని సల్ఫేటును విరిచి శ్వాసించుకొంటాయి. అప్పుడు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడే ఆ కుళ్ళు వాసన. అది ఇనుముతో కలిస్తే నల్లని ఐరన్ సల్ఫైడు. అంటే ఆ రాయి కింద వారాల తరబడి ఊపిరి లేదన్నమాట. పైన పారుతున్న నీరు ఆ ఒక్క ఉదయపు మాట చెప్పింది. రాయి గడిచిన ఋతువు మాట చెప్పింది. నేను మొదటి సాక్షిని మాత్రమే విచారించి తీర్పు రాశాను.

రెండవ సాక్షిని విచారించే శాస్త్రం లేకపోలేదు. 1908, 1909 సంవత్సరాలలోనే జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఏ మురుగు మోతాదులో ఏ జీవులు బ్రతుకుతాయో వరుస కట్టారు. బ్రిటన్‌లో 1970ల చివర ఒక సంఘం నీటి అడుగున కంటికి కనిపించే పురుగుల కుటుంబాలకు 1 నుండి 10 వరకు మార్కులు నిర్ణయించింది. మురుగును ఎంత సహించలేని ప్రాణి అయితే దానికి అన్ని ఎక్కువ మార్కులు. తూనీగ పిల్లకు 8. కుట్టని దోమజాతి ఎర్రపురుగుకు 2. బురదలో తలదాచుకొనే సన్నని వానపాముకు 1. కనిపించిన కుటుంబాల మార్కులు కలిపి, కుటుంబాల సంఖ్యతో భాగిస్తే వాగు ఆరోగ్యం తేలుతుంది. 1974నాటి జలచట్టంతో ఏర్పడిన మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా ఈ పద్ధతిని మన దేశపు జీవులకు అనువుగా దిద్దుకొన్నది. ఉద్యోగం విరమించిన తరువాత, చేతిలో తీరిక, మనసులో ఆ నల్లరాయి మిగిలి, నేను ఈ విద్య నేర్చుకొన్నాను.

ఎర్రపురుగు ఎందుకు ఎర్రగా ఉంటుందో తెలిసిననాడు నాకు ఆశ్చర్యం కలిగింది. మన నెత్తుటిలోని హీమోగ్లోబిన్ వంటిదే దాని ఒంట్లోనూ ఉన్నది; నీటిలో ప్రాణవాయువు అడుగంటినప్పుడు ఉన్న కాస్తనూ అది పట్టి ఉంచుకొంటుంది. పురుగులు నీటివలె ఒక్క రాత్రిలో కొట్టుకొనిపోయి కొత్తవి రావు. నెలల తరబడి అక్కడే పుట్టి, పెరిగి, పైనుండి వచ్చినదంతా ఒంటిమీదికి తెచ్చుకొంటాయి. పండుగ సెలవులు వాటిని మోసగించలేవు.

కిందటి భాద్రపదంలో మా మనవరాలిని వెంటబెట్టుకొని మంగర్ వైపు వెళ్ళాను. ఫరీదాబాద్ జిల్లాలోనే ఉన్నా, నగరంలో సగంమందికి తెలియని అడవి అది. గుడరియా దాస్ బాబా పేరుతో గూజర్లు కొమ్మ విరవకుండా కాపాడుకొన్న 'మంగర్ బనీ' అక్కడే ఉన్నది. కొండ లోయ నిండా ధౌ చెట్లు. పవిత్రవనంలో కాలు పెట్టకుండా, వెలుపల కొండచరియ నుండి దిగివచ్చే ఒక సన్నని వాగు వద్ద ఆగాము. వానకాలం దాటితే అక్కడ రాళ్ళు తప్ప మరేమీ ఉండవు.

మా సామగ్రి ఒక దోమతెర గుడ్డతో కుట్టిన వల, ఒక తెల్లని పళ్ళెం, ఒక కుంచె. వలను ప్రవాహానికి ఎదురుగా పట్టుకొని, దాని ముందు రాళ్ళను కాలితో కదిలిస్తే లేచిన ప్రాణులు వలలోకి కొట్టుకొని వస్తాయి. పళ్ళెంలో బోర్లించగానే పిల్ల కేక వేసింది. చెత్త అనుకొన్నదల్లా నడవసాగింది!

"తాతయ్యా, దీనికి మూడు తోకలు!"

అది మేఫ్లై పిల్ల. నీటిలో వారాలో, నెలలో గడిపి, రెక్కలు వచ్చిన తరువాత నోట ఆహారం ముట్టక, కొన్ని గంటలో ఒకటి రెండు రోజులో బ్రతికి, గుడ్లు పెట్టి రాలిపోయే ప్రాణి. తూనీగ పిల్లలు, సూదుల వంటి వాటి దాయాదులు, నీటిమీద గుండ్రంగా తిరిగే నల్లపురుగులు, నత్తలు వరుసగా బయటపడ్డాయి.

పిల్లకు కుటుంబాల పేర్లు రావు. ఆమె వంటి వారికోసమే అన్నట్లు మరొక లెక్క ఉన్నది. పళ్ళెంలోని ప్రాణులను ఎంచకుండా ఒకదాని వెంట ఒకటి తీయాలి. ఇప్పుడు తీసినది ఇంతకుముందు తీసిన దానివంటిదేనా, కాదా అని మాత్రం చూడాలి. వేరైన ప్రతిసారీ ఒక గీత. మొత్తం గీతలను మొత్తం ప్రాణులతో భాగిస్తే సున్నకూ ఒకటికీ మధ్య ఒక సంఖ్య వస్తుంది. ఒకటికి దగ్గరైతే పలురకాల ప్రాణులు కలసి కాపురముంటున్న ఊరు. సున్నకు దగ్గరైతే ఒకే తెగ మిగిలిన పాడు. మేము అరవై ప్రాణులు తీశాము. ముప్ఫైతొమ్మిది గీతలు పడ్డాయి: 0.65.

మార్కుల సగటు మాత్రం నన్ను కాసేపు తికమకపెట్టింది. 5కూ 6కూ మధ్య వచ్చింది. మన మండలి పట్టికలో 7, ఆపైన వస్తేనే స్వచ్ఛం. 3 నుండి 6 వరకు ఒక మోస్తరు కాలుష్యం. కాని ఈ వాగు పైన ఇల్లు లేదు, కర్మాగారం లేదు. ఆలోచిస్తే కారణం అర్థమైంది. 10 మార్కుల ప్రాణులలో చాలావాటికి ఏడాది పొడుగునా పారే చల్లని నీరు కావాలి. యమున పుట్టిన హిమాలయ సానువులలో అవి సుఖంగా ఉంటాయి. మూడు నెలలు పారి ఎండిపోయే ఆరావళి వాగులో అవి లేకపోవడం రోగలక్షణం కాదు, దాని తత్వమే అంత. ఎనభై ఏళ్ళవాడి నడకను పాతికేళ్ళవాడి నడకతో పోల్చి రోగమని ఏ వైద్యుడైనా అంటాడా? ఒక ఏటిని అదే జాతికి చెందిన, మనిషి చెయ్యి పడని మరొక ఏటితో పోల్చి చూడాలి. ఐరోపా దేశాలు 2000లో తెచ్చిన ఉమ్మడి జలచట్టంలోని మూలసూత్రం ఇదే. ఆ విధంగా మంగర్ వాగు నాకు తూకపురాయి అయినది.

ఆ తూకపురాయి చేతిలో ఉన్నది గనుక, వారం తరువాత ఆ పాత పల్లెకు వెళ్ళాను. ఈసారి పిల్లను గట్టుమీదే నిలబెట్టాను. పల్లె ఇప్పుడు నగరంలో ఒక పేట. వాగు రెండు దరులకూ, అడుగుకూ సిమెంటు పోశారు. అందరూ దానిని నాలా అంటున్నారు. తాఊ ఏనాడో పోయాడట. ఆయన ఎత్తి చూపినటువంటి రాయికోసం వెదికాను. సిమెంటు కాలువలో రాయి ఎక్కడిది? సాక్షి నోరు మూయించడం చాలలేదని కాబోలు, సాక్షినే తొలగించారు.

చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని, మూల పేరుకొన్న బురద వలలోకి తీశాను. పళ్ళెంలో ఎర్రని సన్న వానపాములు వెంట్రుకల ముద్దవలె మెలికలు తిరిగాయి. వాటి నడుమ రెండే రెండు ఎర్రపురుగులు, అదీ ఒకదానిని అంటిపెట్టుకొని ఒకటి. అరవై తీస్తే మూడు గీతలు: 0.05. సీసాలో మందులు వేస్తే మడ్డి పాలవలె తెల్లగా దిగింది. ఈసారి నీరూ, బురదా ఒకే మాట చెప్పాయి. అందులో నాకు సంతోషమేమున్నది? 1984లో ఇద్దరు సాక్షులు వేరువేరుగా మాట్లాడిననాడు ఆ వాగు ఇంకా బ్రతికి ఉన్నది. రెండు రోజులు యంత్రాలు ఆగితే చాలు, నీరు తేటపడేటంత ప్రాణం దానిలో మిగిలి ఉన్నది. చికిత్స చేయవలసిన సమయం అదే. ఆ సమయంలోనే నేను దానికి ఆరోగ్యపత్రం ఇచ్చాను.

యమున పొడవు 1,376 కిలోమీటర్లు. ఢిల్లీలో వజీరాబాద్ నుండి ఓఖ్లా వరకు గల 22 కిలోమీటర్లే నదిని అధికంగా చెరుస్తున్నవని చెప్పుకొని, ఓఖ్లాకు దిగువనున్న మేము చాలాకాలం నిర్దోషులమని భావించుకొన్నాము. బుఢియా నాలా, గౌంఛీ నాలా వంటివి మా నగరపు మురుగును అదే నదికి మోస్తున్నవి. నది ఏమిటి? వాగులన్నీ కలిస్తేనే గదా నది. నదిని శుద్ధి చేయాలన్న మాట పెద్దగా వినిపిస్తుంది. వాగు పేరు ఎవరికీ గుర్తు లేదు.

మరొక సంగతి కూడా చెప్పాలి. మురికి వాగుకు కనీసం ఒక అంకె దక్కుతుంది. నీరే లేని వాగుకు అదీ లేదు. 1947లో కట్టిన బడ్‌ఖల్ సరస్సుకు మేము కొత్తగా వచ్చిన రోజులలో సెలవుదినాన పడవ షికారుకు వెళ్ళేవాళ్ళము. కొండలలో గనుల తవ్వకాలు వాననీటి దారులను తెగ్గొట్టాయి. భూగర్భజలం అడుగుకు పోయింది. ఈ శతాబ్ది తొలి ఏళ్ళకల్లా సరస్సు గడ్డిమైదానమయింది. సుప్రీంకోర్టు 2002లో ఈ కొండలలో తవ్వకాలను ఆపి, 2009లో ఫరీదాబాద్, గుర్‌గావ్, మేవాత్ ప్రాంతపు ఆరావళిలో పూర్తిగా నిలిపివేసింది. శుద్ధిచేసిన మురుగునీటితో సరస్సును మళ్ళీ నింపే ప్రయత్నం తరువాత వచ్చింది. మంచిదే. కాని కొండనుండి దిగే దారిని మరచి, గొట్టంతో నింపినది సరస్సా, తొట్టియా? ఆ సంగతి కూడా దాని అడుగున చేరే పురుగులనే అడగాలి.

ఏటి ఆరోగ్యం తెలుసుకోవడానికి ప్రయోగశాల తప్పనిసరి కాదు. మీ ఊరి వాగు వద్దకు ఏడాదిలో రెండుసార్లు, అదే చోటికి, అవే మాసాలలో వెళ్ళండి. గట్టుమీద చెట్టుచేమ ఉన్నదా, నీరు ఏ దారిన వస్తున్నది, వాసన ఏమిటి అని చూడండి. తరువాత ఒక రాతిని ఎత్తి తిరగవేయండి. ఏ రంగు ఉన్నది, ఏమి కదులుతున్నది అని తేదీ వేసి రాసుకోండి. రాతిని మళ్ళీ ఉన్నచోట ఉన్నట్లే పెట్టండి. అది కొందరి ఇంటికప్పు. ఒక్కసారి చూచినది పెద్దగా ఏమీ చెప్పదు. పదేళ్ళ పుస్తకం ముందు పెడితే మాత్రం, పండుగ మరునాడు నింపిన సీసాను చూపి ఎవరూ దానిని కాదనలేరు.

నా పాత నివేదిక ఏ దస్త్రంలోనో ఇంకా ఉండే ఉంటుంది. దానిని దిద్దే అధికారం నాకిప్పుడు లేదు. మా మనవరాలి పుస్తకంలో మాత్రం మొదటి పేజీ మంగర్‌ది, రెండవ పేజీ ఆ నాలాది. రెండవ పేజీలో ఆమె ప్రాణుల లెక్క రాసి, పట్టికలో లేని ఒక గడి తానే గీసి, పైన 'రాయి' అని పేరు పెట్టింది. కింద ఏమి రాయమంటావని నన్ను అడిగింది.

"లేదు అని రాయి. 1984లో ఉండేదని కూడా రాయి" అన్నాను.